నాలుగు ముడుల దారం

కవరు వచ్చిన రోజు దుకాణంలో ఊపిరి సలపనంత పని. ముందు గదిలో బట్టలుతికే మిషన్లు, వెనక గదిలో కుట్టుపని. వెనక గదికి కిటికీ లేదు. ఒక ఆవిరి ఇస్త్రీ, రెండు కుట్టుమిషన్లు, గోడ పొడుగునా కొక్కేలకి వేలాడే ప్యాంట్లూ కోట్లూ, వాటి మధ్య ఆమె. పొద్దుటి నుంచి పదకొండు ప్యాంట్ల అంచులు విప్పి మళ్ళీ కుట్టింది. ఈ ఊరి జనం బట్టలు కొనడానికి వెళ్ళేటప్పుడు కాళ్ళు ఇంట్లో వదిలేసి వెళతారని ఆమెకి గట్టి నమ్మకం. లేకపోతే ఒక్కడికైనా సరిపోయే ప్యాంటు దొరకాలి కదా. అయినా ఆ మాట పైకి అనదు. వాళ్ళ తిక్క వల్లే ఏడేళ్ళుగా తన పొయ్యి వెలుగుతోంది.

భోజనానికి ఇచ్చే అరగంటలో కవరు చింపింది. లోపల ఉత్తరం లేదు, ఎప్పుడూ ఉండదు. నాలుగు దారాలున్నాయి. ఒక ముడి వేసిన దారం పొడుగు, రెండు ముడులది భుజం, మూడు ముడులది ఛాతీ, నాలుగు ముడులది నడుము. ఏడేళ్ళ కిందట ఈ దేశం వస్తూ అక్క దగ్గర వదిలి వచ్చిన కూతురి కొలతలు అవి.

ఫోన్లున్న ఈ రోజుల్లో దారాలేమిటంటారా, దానికో కథ ఉంది. మొదటిసారి అక్క కొలతలు ఫోన్లోనే చెప్పింది. టేపుకి ఒక పక్క అంగుళాలు, ఇంకో పక్క సెంటీమీటర్లు ఉంటాయని ఆ మహాతల్లి గమనించలేదు. ఏ పక్క కంటికి ఆనితే ఆ అంకె చదివేసింది. చెల్లెలు అనుమానం వచ్చి అడిగితే, బస్సు కండక్టరుని నాకా లెక్కలు నేర్పేది అని కసిరింది. ఆ గౌను నడుము చూస్తే అక్కకి పట్టేలా, పొడుగు చూస్తే బొమ్మకి తొడిగేలా తయారైంది. అక్కాచెల్లెళ్ళు వారం రోజులు మాట్లాడుకోలేదు. ఆ తర్వాత అక్కే దారి చూపించింది. అంకెలూ వద్దు, గొడవలూ వద్దు, దారం చుట్టి కత్తిరించి పంపుతానంది. అప్పటినుంచి ఆర్నెల్లకొకసారి కవరు వస్తుంది, వచ్చిన పది రోజుల్లో ఇక్కడినుంచి గౌను వెళుతుంది. పాత దారాలన్నీ తేదీ రాసిన చీటీలకి చుట్టి, వచ్చిన కవర్లతో సహా ఒక బిస్కెట్ డబ్బాలో దాచుకుంది. పిల్లని కళ్ళారా చూసుకోలేని తల్లికి ఆ డబ్బానే పిల్ల.

బల్ల మీద టేపు పరిచి భుజం దారం పెట్టింది. ముప్పావు అంగుళం పెరిగింది. పదమూడు దాటిన పిల్లకి అది మామూలే. పొడుగు దారం పోయినసారి ఎంతో అంతే ఉంది. ఛాతీ అంగుళమున్నర తగ్గింది. నడుము రెండున్నర అంగుళాలు తగ్గింది.

టేపు సాగిపోయిందేమోనని ఇంకో టేపు తీసి కొలిచింది. అవే అంకెలు. పోయినసారి దారాలు డబ్బాలోంచి తీసి పక్కపక్కనే పెట్టింది. టేపు అబద్ధం చెప్పినా దారం చెప్పదు.

ఇరవై ఏళ్ళ దర్జీపనిలో ఆమె ఎన్ని ఒళ్ళు చూసిందో లెక్క లేదు. చిక్కితే ఒళ్ళంతా చిక్కుతుంది, ఎదిగితే ఒళ్ళంతా ఎదుగుతుంది. భుజాలు ముందుకు నడుస్తుంటే వాటి కింది ఒళ్ళు వెనక్కి నడవడం ఆమె ఎక్కడా చూడలేదు. అన్నం డబ్బా మూత తీయకుండానే అరగంట అయిపోయింది. ఇస్త్రీ కింద ఎవరిదో కోటు కాలర్ మాడి వాసన వచ్చేదాకా ఆమెకి తెలియలేదు, ఓనరమ్మ వచ్చి తిట్టిన తిట్లూ సగం చెవికెక్కలేదు.

భయానికి కారణం ఉత్త దారాలే కాదు. ఇంకో ఏడు వారాల్లో అక్కడ పిల్లకి వీసా ఇంటర్వ్యూ ఉంది. పిల్లని రప్పించుకోవడానికి ఆమె అర్జీ పెట్టి నాలుగేళ్ళయింది. ఇక్కడి రూలు ప్రకారం పద్నాలుగేళ్ళు నిండని పిల్లలనే తల్లి దగ్గరికి రానిస్తారు. ఇంటర్వ్యూ నాటికి పిల్లకి పద్నాలుగు నిండడానికి ఐదు వారాలు మిగులుతాయి. ఆ ఐదు వారాల్లోపల ఆఫీసరు ఊఁ అంటే పిల్ల వస్తుంది. దాటితే రాదు, ఇంక ఏ అర్జీ పెట్టినా రాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పిల్ల పుట్టినప్పుడు పుట్టుక రాయించలేదు. పిల్ల తండ్రి కరెంటు లైన్‌మన్, స్తంభం సగం ఎక్కకుండానే తీగ చేతికందేంత పొడుగు మనిషి. మంచివాడే గానీ ప్రతి పనికీ రేపు చూద్దాంలే అనేవాడు. రేపు అనకుండా ఆయన చేసిన పని ఒక్కటే, పోవడం. బడిలో వేసేటప్పుడు నాలుగేళ్ళ పిల్లకి హడావిడిగా పుట్టిన తేదీ కాగితం పుట్టించారు. తేదీ నిజమైనదే. కానీ నాలుగేళ్ళు ఆలస్యంగా పుట్టిన కాగితాన్ని ఏ ఆఫీసరైనా అనుమానంగానే చూస్తాడు. పైగా పిల్లకి తండ్రి పొడుగు వచ్చింది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పొట్టి అని పిలిచారు, ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు ఆ పొట్టి తరగతిలో అందరికంటే వెనక వరసలో నించుంటుంది.

ఈ మెలిక సంగతి ఆమెకి విడమరిచి చెప్పింది కామా గారు. జిరాక్సు దుకాణంలో ఒక మూల కుర్చీ వేసుకుని జనానికి అర్జీలు రాసిపెట్టే పెద్దాయన ఆయన. ఎప్పుడో ఒక కామా తప్పు పడి ఎవరిదో అర్జీ వెనక్కి వచ్చిందట, అప్పటినుంచి కామాల కోసం కళ్ళద్దాలు మార్చుకుని మరీ వెతుకుతాడు. మూడు నెలల కిందట ఇంటర్వ్యూ కాగితం తీసుకుని వెళితే ఆయన పిల్ల ఫొటో చాలాసేపు చూశాడు. ఈ అమ్మాయికి పదమూడంటే నేనే నమ్మనమ్మా అన్నాడు. ఇంకొకరి సంగతి చెప్పాడు. ఒకాయన కొడుకు పదమూడేళ్ళవాడే, ఆఫీసరు వాడి మీసం కేసి చూసి ఎముకల పరీక్షకి రాశాడు. ఆ ఫలితం రావడానికి ఆర్నెల్లు పట్టింది. వయసు పదమూడేనని తేలింది, కానీ తేలేసరికి పద్నాలుగు దాటింది. ఫైలు మూసేశారు. ఆ తండ్రి ఇప్పటికీ వారం వారం వచ్చి, ఏదో ఒక దారి ఉండకపోతుందా అని ఈ కుర్చీ ముందే కూచుంటాడట.

ఆ ఆదివారం ఆమె ఇదంతా పొట్టికి ఫోన్లో చెప్పింది. భయం నవ్వులో కలిపి చెబితే పిల్లకి తెలియదనుకుంది. "నువ్వింక ఒక్క అంగుళం కూడా పెరగకే తల్లీ, ఈ ఐదు నెలలూ ఆగు, ఆ తర్వాత తాటిచెట్టంత ఎదుగు, ఎవరొద్దన్నారు," అంది. పిల్ల నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఇంటర్వ్యూకి కొత్త గౌను కుడతానంది. గుండ్రటి కాలరు, బుట్ట చేతులు, మోకాలి దాకా కుచ్చులు, ఎనిమిదేళ్ళ పిల్లలు వేసుకునేలాంటిది. దానితో రెండు జడలు వేసుకుంటే ఆఫీసరుకి చంటిపిల్లలా కనిపిస్తావని ముచ్చటపడింది. ఇప్పుడొచ్చిన దారాలు ఆ గౌను కోసమే.

సాయంత్రం అక్కకి ఫోన్ చేసింది. అక్క బస్సులో ఉంది, స్టాపుల పేర్లు అరిచే గొంతుతోనే మాట్లాడింది. పిల్ల బానే ఉంది, బడికి వెళుతోంది, పొద్దున్నే చీకటితో తనే కొలిచి కత్తిరించానంది. తను ఆరింటికే డ్యూటీకి పోతుంది, బావగారు రాత్రి డ్యూటీ దిగి అప్పుడే పడుకుంటాడు, పిల్ల తన అన్నం డబ్బా తనే సర్దుకుని వెళుతుంది. సాయంత్రం వచ్చేసరికి డబ్బా ఖాళీగానే ఉంటుందట. ఇంకేం కావాలే నీకు, దారాలు చూసి జాతకాలు చెప్పకు అని విసుక్కుంది.

డబ్బా ఖాళీగా ఉంటే అన్నం పిల్ల కడుపులోకే వెళ్ళిందని ఎక్కడుంది? ఆ ప్రశ్న ఆమెకి ఫోన్ పెట్టేశాక గాని తట్టలేదు.

ఆదివారం దాకా ఆగింది. ఆ మూడు రోజులూ ఆమె ఏం కుట్టిందో ఆమెకే తెలియదు, ఒక ప్యాంటుకి జిప్పు తలకిందులుగా వేసింది. ఆదివారం ఫోన్ తెరలో పొట్టి ముఖం కనిపించింది. దవడ ఎముకలు పైకి తేలాయి. వెలుతురు అలా పడుతోందమ్మా అంది పిల్ల. ఒళ్ళో బడి సంచి పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూచుంది. గమనిస్తే ఈ మధ్య ప్రతి ఆదివారం అలాగే కూచుంటోంది, తల్లే గమనించలేదు.

"ఏదీ, ఒకసారి లేచి నించో. గోడ దగ్గరికి వెళ్ళు."

"కాలు బెణికిందమ్మా."

"ఏ కాలు?"

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. బెణికిన కాలు ఏదో ఎవరైనా ఆలోచించి చెబుతారా? కుడికాలు అని చెప్పి, చార్జింగ్ అయిపోతోందని ఫోన్ పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఆమె తన గదిలో, ఇద్దరు పట్టే మంచం మీద, ఫోన్ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. గదిలో ఇంకో మంచం ఆసుపత్రి తుడిచే ఆవిడది. ఆవిడ పలకరిస్తే దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. పిల్ల తన దగ్గర అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారని అనుకుంది. ఆ మాట కూడా నమ్మకంగా అనుకోలేకపోయింది. ఏడేళ్ళుగా ఫోన్లో పెరిగిన పిల్ల ఎన్ని చెప్పిందో ఎవరికి తెలుసు.

బుధవారం పట్టపగలు, పని మధ్యలో ఫోన్ మోగింది. ఆ వేళకి అక్క ఎప్పుడూ చేయదు. ఎత్తేసరికి బస్సు చప్పుడు లేదు. అక్క గొంతు తగ్గించి మాట్లాడింది. పుట్టిన దగ్గర్నుంచి అక్క గొంతు తగ్గించడం ఆమె వినలేదు, అందుకే మాట అర్థం కాకముందే బట్టల మూట మీద కూలబడింది.

పొట్టి బడిలో ప్రార్థన జరుగుతుండగా పడిపోయింది. డాక్టరు వచ్చి చూసి, పిల్ల సరిగ్గా తిండి తిని నెలలయి ఉంటుందన్నాడట. ఇప్పుడు సెలైను ఎక్కుతోంది, ప్రమాదం లేదు. డబ్బాలో అన్నం రోజూ తరగతిలో పిల్లలకి పంచేస్తోందని టీచరు చెప్పింది. రాత్రి పెద్దమ్మ ముందు రెండు ముద్దలు తిని, కడుపులో బాలేదని లేచిపోతుంది. ఇంకా ఉంది. డాక్టరు గుండె చూడబోతే, చొక్కా కింద ఛాతీ చుట్టూ ఒక గుడ్డ బిగించి కట్టి ఉంది. ఊపిరి ఆడనంత బిగువు. కింద చర్మం కమిలి చారలు తేలిపోయింది.

"ఏం గుడ్డ అక్కా?"

"నువ్వు పోయినేడు కుట్టి పంపిన నీలం గౌను లేదూ, దాని నడుంపట్టీ. కత్తిరించి తీసింది. రాత్రిళ్ళు కూడా విప్పదటే. కాళ్ళు చాపుకుని పడుకుంటే పొడుగవుతానని ముడుచుకుని పడుకుంటోంది. నేను పక్కనే ఉన్నానే, పక్కనే ఉండి చూడలేదు. వందమందిలో టికెట్ తీయనోణ్ణి పట్టుకుంటాను నేను." అక్క ఏడ్చింది.

ఆ నడుంపట్టీ ఆమెకి బాగా గుర్తు. వెనక విల్లులా కట్టుకోవడానికి వీలుగా కావాలనే రెండు గజాలు పెట్టింది, రెండు మడతలు వేసి గట్టిగా కుట్టింది. తన కుట్టు ఊడదని ఆమెకి ఎంత గర్వమో. ఇప్పుడు ఆ కుట్టు ఊడిపోయి ఉంటే బాగుండుననుకుంది.

పిల్లకి ఫోన్ ఇమ్మంది. తర్వాత సన్నగా వినిపించింది.

"కోపం వచ్చిందా అమ్మా?"

"లేదు తల్లీ. ఎందుకు చేశావు?"

"పెరగొద్దన్నావు కదా." పిల్ల గొంతులో ఫిర్యాదేమీ లేదు, చెప్పిన పని చేసినట్టే చెప్పింది. "ఇంకా ఆరు వారాలేనమ్మా. నేను ఉండగలను. కొలిచేటప్పుడు పొడుగు రాకుండా వీపు వంచాను. భుజాలొక్కటే ఆగట్లేదు, వాటికేం చేయాలో తెలియట్లేదు."

తల్లి నోటి మీద చెయ్యి పెట్టుకుంది, పిల్లకి ఏడుపు వినపడకూడదని. తనకి ఏడ్చే హక్కు కూడా లేదనిపించింది. పిల్లని మాయ చేసింది బయటివాళ్ళెవరూ కాదు. ఆదివారం పూట నవ్వుతూ తనే ఆ మాట అంది. పిల్ల నవ్వి, ఫోన్ పెట్టేసి, కత్తెర తీసుకుంది.

"విను పొట్టీ. అది తప్పు మాట. నేను తప్పు చెప్పాను. తిను. కాళ్ళు చాపుకుని పడుకో."

"మరి ఆఫీసరు?"

"ముందు తిను," అంది మళ్ళీ.

ఆ సాయంత్రమే కామా గారి దగ్గరికి పరుగెత్తింది. నేను వెళ్ళిపోతాను, పిల్ల దగ్గరుంటాను అంది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచాడు. అర్జీ పెట్టినవాళ్ళు తీర్పు రాకముందు దేశం దాటితే అర్జీ దానంతట అదే రద్దవుతుందన్నాడు. వెళితే పిల్లని చూస్తావు, తెచ్చుకోలేవు. వెళ్ళకపోతే తెచ్చుకోవచ్చు, ఆఫీసరు నమ్మితే. ఆయన చెప్పింది ఇంతే, ఇందులో కామా పెట్టడానికి కూడా చోటు లేదు.

ఆమె రెండు రాత్రులు నిద్రపోలేదు. పిల్ల తింటే పెరుగుతుంది, పెరిగితే ఆఫీసరు అనుమానిస్తాడు, అనుమానిస్తే ఇంక ఎప్పటికీ ఇద్దరూ ఫోన్లోనే. పిల్ల తినకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి ధైర్యం చాలలేదు. మనసులో ఒక మూల నుంచి ఒక పాడుమాట వచ్చింది, ఆరు వారాలే కదా అని. ఆ మాట తనకి వచ్చినందుకు ఆమె భయపడినంతగా జీవితంలో దేనికీ భయపడలేదు.

మర్నాడు పొద్దున బుట్ట చేతుల గౌను కోసం తెచ్చిన గులాబీ రంగు గుడ్డ తీసి పక్కన పెట్టేసింది. ముదురాకుపచ్చ గుడ్డ కొంది. భుజం దారం ఒక్కటే నమ్మింది. ఆ భుజానికి తగిన ఒళ్ళు ఎలా ఉండాలో ఇరవై ఏళ్ళ చేతులకి తెలుసు, మిగిలిన కొలతలు ఆ లెక్కన వేసింది. నిండు చేతులు, సాదా మెడ, పిక్కల దాకా పొడుగు. ఎదిగే పిల్ల ఎదిగినట్టు కనిపించే బట్ట. లోపల కుట్ల దగ్గర రెండేసి అంగుళాల గుడ్డ వదిలింది, అంచు అరచెయ్యంత మడిచింది. ఈ గౌనుతో తన చేతులారా పిల్లని పోగొట్టుకుంటున్నానేమో అనిపించింది. అయినా ఆపలేదు.

ఆ తర్వాత బిస్కెట్ డబ్బా బల్ల మీద బోర్లించింది. ఒక పొడుగాటి తెల్ల గుడ్డ మీద ఏడేళ్ళ దారాలన్నీ తేదీల వరసలో కుట్టింది. ప్రతి వరసలో నాలుగు దారాలు, పక్కన తేదీ, ఆ తేదీ వేసిన తపాలా ముద్ర ఉన్న కవరు. పైనుంచి కిందికి చూస్తే ఆరేళ్ళ పిల్ల పదమూడేళ్ళదాకా ఒక్కో అంగుళం నడిచి వచ్చినట్టే కనిపించింది. మధ్యలో ఎక్కడా వేరే పిల్ల దూరలేదు. చివరి వరస దగ్గర ఆగింది. ఆ వరస వెనక్కి నడిచింది. అది కుడితే ఆఫీసరు అడుగుతాడు, కుట్టకపోతే ఎవరికీ తెలియదు. చాలాసేపు సూది పట్టుకుని కూచుని, చివరికి దాన్నీ కుట్టింది. నిజం కాని వరస దాచిపెట్టి నిజం నమ్మమనడం ఆమెకి కుదరలేదు.

అర్జీలో దారాలకి గడి లేదమ్మా అన్నాడు కామా గారు. అని, గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని పైనుంచి కింది దాకా చూశాడు. చూసి చూసి, "తొమ్మిదో వరసలో తేదీకి నెలకి మధ్య కామా లేదు," అన్నాడు. ఆమె అక్కడే సూది తీసి, నల్లదారంతో కామా కుట్టింది. మర్నాడే ఆ గుడ్డనీ గౌనునీ అక్కకి పార్సిల్ చేసింది.

ఇంటర్వ్యూ రోజు ఆమె దుకాణానికి సెలవడిగింది. ఇంట్లో కూచుంటే పిచ్చెక్కుతావు, వచ్చి కుట్టుకో అంది ఓనరమ్మ. ఆవిడ ఎప్పుడూ ఇంత మంచి మాట అనలేదు. ఫోన్ మిషన్ పక్కన పెట్టుకుంది. పదింటికి పిల్ల లోపలికి వెళ్ళిందని అక్క చెప్పింది. పిల్లని ఒక్కదాన్నే పిలిచారట, పెద్దమ్మని గుమ్మం బయటే ఆపేశారట. పదకొండైంది. పన్నెండైంది. ప్యాంటు అంచు ఒక్కటే నాలుగుసార్లు కుట్టి విప్పింది. ఎముకల పరీక్షకి తీసుకెళ్ళారేమో, ఇంతసేపు ఇంకెందుకుంటుంది అనుకుంది. ఒంటిగంటకి పొట్టే ఫోన్ చేసింది.

ఆఫీసరు ఆవిడ గుడ్డంతా బల్ల మీద పరిచి చూసిందట. కవర్ల మీద ముద్రలు ఒక్కొక్కటీ భూతద్దంతో చూసిందట. తర్వాత పొట్టిని నిటారుగా నించోమని, వెనకనుంచి భుజానికి చివరి వరసలో రెండు ముడుల దారం పెట్టి చూసిందట. సరిపోయింది. అప్పుడు నడుము దారం చూపించి, ఇది మాత్రం ఎందుకు తగ్గిందని అడిగింది.

"నువ్వేం చెప్పావు?"

"అప్పుడు భయపడ్డాను అని చెప్పాను."

"ఆవిడేమంది?"

"చాలాసేపు రాసింది. ఇంటికి ఉత్తరం వస్తుందంది."

ఉత్తరం రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఆ పందొమ్మిది రోజుల గురించి చెప్పడానికేమీ లేదు, ఆమె బతికే ఉంది, అంతే. ఇరవయ్యో రోజున అక్క మళ్ళీ స్టాపుల పేర్లు అరిచే గొంతుతో ఫోన్ చేసి, ఊరంతా వినేలా, వచ్చేసిందే అని అరిచింది.

రెండు నెలలకి పిల్ల దిగింది. విమానాశ్రయంలో తలుపు తెరుచుకుని మనుషులు బయటికి వస్తుంటే, ఆమె తన కళ్ళని పిల్లల ఎత్తులో ఉంచి వెతికింది. ముదురాకుపచ్చ గౌను కనిపించాక తలెత్తి చూడాల్సి వచ్చింది. పొట్టి తనకంటే నాలుగు వేళ్ళు పొడుగు. ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. వదిలాక చూస్తే పిల్ల వీపు వంచి, మోకాళ్ళు కొంచెం మడిచి నించుని ఉంది, తల్లి ఎత్తుకి సరిపోయేలా.

గదిలో అన్నం పెట్టింది. పిల్ల రెండు ముద్దలు తిని చెయ్యి ఆపింది. తల్లి ముఖంలోకి చూసింది. తిను, అని తల్లి అన్నాక ఇంకో ముద్ద తింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ చూసింది. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తల్లి ముద్ద ముద్దకీ తిను అంటూనే ఉంది. కాగితం వచ్చింది, పిల్ల వచ్చింది. భయం కూడా ఆకుపచ్చ గౌనులో మడత పడకుండా వచ్చిందని ఆమెకి అప్పుడు తెలిసింది.

చెయ్యి కడుక్కుని వచ్చాక పిల్లని దీపం కింద నించోబెట్టింది. కండె తీసి దారం లాగింది. ఏడేళ్ళలో ఇది మొదటిసారి, తన చేత్తో కొలవడం. భుజం కొలిచింది. ఛాతీ కొలిచింది, అక్కడ చారలింకా లేతగా ఉన్నాయేమోనని వేళ్ళు తగలకుండా పట్టుకుంది. నడుము చుట్టూ దారం తెచ్చేసరికి పిల్ల ఊపిరి బిగబట్టి, పొట్ట వెన్నుకి అంటేలా లోపలికి లాక్కుంది. తనకి తెలియకుండానే చేసింది, కళ్ళు గోడ మీద ఉన్నాయి.

"ఊపిరి వదులు."

పిల్ల వదల్లేదు.

"ఇక్కడ ఎవరూ కొలిచి పంపేయరు. నేనే కొలుస్తున్నాను. వదులు తల్లీ."

ఇద్దరూ అలాగే నించున్నారు. తల్లి దారం బిగించలేదు, తీయలేదు, రెండు కొసలూ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఎదురుచూసింది. బయట మెట్ల మీద ఎవరో దిగి వెళ్ళారు. కాసేపటికి దారం ఆమె వేళ్ళని మెల్లగా లాగడం మొదలుపెట్టింది. ఆమె కండెలోంచి ఇంకొంచెం దారం వదిలింది, తర్వాత ఇంకొంచెం.